ఇరవై నిమిషాలకొక వైపు

మా ఆవిడ నా రికార్డుల గదికి ఆస్పత్రి అని పేరు పెట్టింది. ఎవరైనా ఇంటికొచ్చి నా గురించి అడిగితే "ఆస్పత్రిలో ఉన్నారు, పిలుస్తానుండండి" అంటుంది. కొత్తవాళ్ళయితే కంగారుపడి గుమ్మంలోనే నిలబడిపోతారు.

ఆవిడ మాటలో అన్యాయమేమీ లేదు. ఏ రికార్డు చేతిలోకి తీసుకున్నా, పాట సంగతి తరవాత, అందులో వాయించినవాడు ఎన్నేళ్ళకి, దేనితో పోయాడో ముందు చెబుతాను. అలవాటైపోయింది. ట్రంపెట్ వాయించే క్లిఫర్డ్ బ్రౌన్ 1956లో, 25 ఏళ్ళకి, పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద కారు ప్రమాదంలో పోయాడు. మత్తుమందుల జోలికి పోని మనిషి. పిట్స్‌బర్గ్‌లో నాకు క్లయింటున్న రోజుల్లో ప్రతి సోమవారం తెల్లవారుజామున ఆ రోడ్డు మీదే వెళ్ళేవాణ్ణి. బెడ్‌ఫర్డ్ ఎగ్జిట్ బోర్డు కనబడగానే కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీంచి లేచేది. చార్లీ పార్కర్ 1955లో 34 ఏళ్ళకి పోతే, శవాన్ని చూసిన డాక్టరు వయసు 50కీ 60కీ మధ్య ఉంటుందని అంచనా వేశాడట. బిల్లీ హాలిడేకి 44, కాలేయం. జాన్ కోల్ట్రేన్‌కి 40, అతనిదీ కాలేయమే. ఒకరు 1959లో, ఒకరు 1967లో పోయినా, ఇద్దరిదీ జూలై 17వ తారీఖే.

"మీవాళ్ళలో తల నెరిసినవాడు ఒక్కడూ లేడా?" అని మా ఆవిడ అడిగిందొకసారి. ఎందుకు లేరు? శాక్సఫోన్ వాయించే సోనీ రోలిన్స్ 1930లో పుట్టి 2012 దాకా వేదికెక్కాడు. ఆయన 1960ల చివర్లో బొంబాయి పొవైలో ఒక ఆశ్రమంలో కొన్నాళ్ళుండి యోగా నేర్చుకున్నాడని నోరు జారాను. ఆ తరవాతి శనివారం నుంచీ పొద్దున్నే ఎనిమిదింటికి గుడి హాల్లో యోగా క్లాసుకి నన్నూ లాక్కెళుతోంది. రికార్డులు కొనడం వల్ల ఇలాంటి అనర్థాలు కూడా ఉంటాయి.

"తెలుగువాళ్ళయ్యుండి మీకు ఈ జాజేమిటండీ, మన ఘంటసాల ఉండగా?" అని పాట్‌లక్కుల్లో అడుగుతుంటారు. ఘంటసాల ఉన్నాడు. ఆయన అర వేరే ఉంది. కానీ నన్ను జాజ్‌లోకి దింపింది కూడా తెలుగువాడే.

2002 ఆగస్టులో ఎమ్మెస్ చెయ్యడానికి మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీకి వచ్చాను. డాట్‌కామ్ కూలిపోయిన రోజులు. సీనియర్లే ఉద్యోగాల్లేక క్యాంపస్ కెఫెటేరియాలో గిన్నెలు కడుగుతున్నారు. నలుగురం ఒక అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళం. ఖర్చులేని కాలక్షేపం ఒక్క పబ్లిక్ లైబ్రరీ. అక్కడ సీడీలు కూడా ఊరికే ఇస్తారు. జనవరిలో ఒకరోజు, బయట మంచు మోకాలి లోతున ఉంది, మన సంగీతమేమైనా దొరుకుతుందేమోనని వెతుకుతుంటే 'వరల్డ్ మ్యూజిక్' అరలో రవిశంకర్ తప్ప ఎవరూ కనబడలేదు. పక్కనే జాజ్ అరలో 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే' అని ఒక సీడీ ఉంది. వెనక్కి తిప్పి చూస్తే యు. శ్రీనివాస్, మాండలిన్ అని రాసుంది.

మాది భీమవరం. పాలకొల్లు మాకు పక్కూరి కిందే లెక్క. 1969లో పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ మా నాన్న దృష్టిలో మావాడే. మా ఇంట్లో ఉన్న ఆరేడు కేసెట్లలో రెండు అతనివి. పద్నాలుగేళ్ళ పిల్లవాడు 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌కి వెళ్ళి వాయిస్తే తెల్లవాళ్ళు వదల్లేదని నాన్న ఎన్నిసార్లు చెప్పారో. అప్పట్లో నాకు బెర్లిన్ ఎక్కడో తెలీదు, జాజ్ అంటే ఏమిటో అసలే తెలీదు. ఆ పేరు మంచులో, ఇంత దూరంలో, జాజ్ అరలో కనబడింది.

ఆ సీడీలో గిటార్ వాయించిన జాన్ మెక్‌లాగ్లిన్ పేరు పట్టుకుని వెతికితే అతను 1969లో మైల్స్ డేవిస్‌తో వాయించినవాడని తేలింది. మైల్స్ నుంచి కోల్ట్రేన్. అక్కణ్ణుంచి ఇంక చెప్పేదేముంది. వినడానికి నాకు కష్టమనిపించలేదు, మన కచేరీ చెవి ఉండటం వల్ల కాబోలు. ముందు అందరూ కలిసి ఒక పల్లవి లాంటిది వాయిస్తారు. తరవాత ఒక్కొక్కరే మనోధర్మంగా దాన్ని ఎక్కడెక్కడికో తీసుకుపోతారు. డ్రమ్స్ వాడికి తని ఆవర్తనం. చివర్లో మళ్ళీ పల్లవి. సర్వలఘువు నడుస్తున్నట్టు వెనకాల తాళం ఒకటి ఆగకుండా నడుస్తూనే ఉంటుంది.

ఉద్యోగం న్యూజెర్సీలో వచ్చింది. ఎడిసన్‌లో చేరినవాళ్ళంతా ఓక్ ట్రీ రోడ్డులో దోసెలు ఎక్కడ బాగుంటాయో కనుక్కుంటారు. నేను ప్రిన్స్‌టన్ రికార్డ్ ఎక్స్ఛేంజ్‌కి దారి కనుక్కున్నాను. సీడీలు మానేసి ఎల్పీల మీద పడింది అక్కడే. అసలు ఈ రాష్ట్రంలో ఉంటూ జాజ్ రికార్డులు కొనకపోవడం అంటే ఆత్రేయపురంలో ఉంటూ పూతరేకులు తినకపోవడమే. రూడీ వాన్ గెల్డర్ అని ఒక కళ్ళ డాక్టరు (అంటే అద్దాలకి పరీక్ష చేసే ఆప్టోమెట్రిస్టు), హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంట్లో ముందుగదిలో మైకులు పెట్టి రికార్డింగులు చేసేవాడు. 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో ఎత్తైన చెక్క కప్పుతో సొంత స్టూడియో కట్టుకున్నాడు. కోల్ట్రేన్ 1964 డిసెంబర్లో 'ఎ లవ్ సుప్రీమ్' వాయించింది ఆ కప్పు కిందే. వాన్ గెల్డర్ స్వయంగా చెక్కిన మాస్టరు నుంచి అచ్చుపడిన రికార్డయితే, పాట అయిపోయాక లేబుల్ చుట్టూ ఉండే ఖాళీ జాగాలో అతని పొడి అక్షరాలు కనబడతాయి. మేం దుకాణాల్లో రికార్డుని దీపం కిందకి వంచి చూసేది వాటికోసమే. చూసేవాళ్ళకి నగల కొట్లో హాల్‌మార్క్ వెతుకుతున్నట్టు ఉంటుంది.

ఆ రికార్డుల్లో చాలావాటిని తయారుచేయించిన బ్లూ నోట్ కంపెనీ 1939లో పెట్టినది. దాన్ని నడిపిన ఆల్ఫ్రెడ్ లయన్, ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఇద్దరూ బెర్లిన్ నుంచి వచ్చినవాళ్ళు, యూదులు. చిన్నప్పటి స్నేహితులు. అక్కడ ప్రాణానికి గ్యారంటీ లేక ఇక్కడికొచ్చి, ఇక్కడ నల్లవాళ్ళ సంగీతానికి పెద్ద కంపెనీలు ఇవ్వని మర్యాద ఇచ్చారు. రికార్డింగ్ రోజుకే కాదు, రిహార్సల్స్‌కి కూడా డబ్బులిచ్చేవారట. వలసొచ్చినవాడి చెవి అలాగే ఉంటుందేమో, ఇంటివాళ్ళు పట్టించుకోని చప్పుడు వాడికి ముందు వినబడుతుంది.

నా దగ్గర ఇప్పుడు పదకొండు వందల పైచిలుకున్నాయి. చాలావరకు రీఇష్యూలే, అసలు అచ్చులు కొనే స్తోమత నాకు లేదు. అట్టతో కలిపి ఒక్కోటి పావుకిలో అనుకున్నా అన్నీ కలిపి మూడు క్వింటాళ్ళకి దగ్గర. కన్సల్టెంట్ ఉద్యోగం కనుక నాలుగిళ్ళు మారాను. నా నడుములో నాలుగో పూసకీ అయిదో పూసకీ మధ్య ఏముందో ఎమ్మారై తీసి చూపించిన డాక్టరు, "బరువులెత్తే పనా మీది?" అని అడిగాడు. సాఫ్ట్‌వేర్ అన్నాను. నమ్మలేదు.

ఇక వార్తల సంగతి.

నేను కారులో వినేది నూవార్క్ నుంచి వచ్చే డబ్ల్యూబీజీఓ, 88.3. జాజ్ స్టేషనే గానీ మధ్యలో వార్తలొస్తాయి. ఎవరో బల్లాడ్ వాయిస్తుంటాడు, పాట చివర సింబల్ మోత ఇంకా గాల్లో ఉండగానే ఎక్కడో బాంబు పడిన వార్త. మొదట్లో చికాకుగా ఉండేది. తరవాత చిన్నప్పటి ఆకాశవాణి గుర్తొచ్చి అలవాటు పడ్డాను. అక్కడా అంతేగా, భక్తిరంజని, వార్తలు, చిత్రగీతాలు, ధరవరలు.

అదీగాక, నా అరల్లో ఉన్నవాటిలో సగం పాత వార్తాపత్రికలే. 1960 ఫిబ్రవరిలో గ్రీన్స్‌బరోలో నలుగురు నల్ల విద్యార్థులు తెల్లవాళ్ళకి మాత్రమే వడ్డించే కౌంటరు దగ్గర కూర్చున్నారు. మార్చిలో దక్షిణాఫ్రికా షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని కాల్చి చంపారు. ఆ ఏడు చివరికల్లా రెండు వార్తలూ మాక్స్ రోచ్ చేసిన 'వీ ఇన్సిస్ట్' రికార్డులో ఉన్నాయి. అట్ట మీద కౌంటరు దగ్గర కూర్చున్న ముగ్గురు, లోపల జోహానెస్‌బర్గ్ కోసం ఏడుపు. 1963 సెప్టెంబర్ 15న అలబామాలో చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపితే, నవంబర్ 18న కోల్ట్రేన్ 'అలబామా' వాయించాడు. అందులో మాటల్లేవు. మా అబ్బాయికి పదేళ్ళప్పుడు అది వినిపించి ఏమనిపించిందని అడిగితే, "ఎవరో చచ్చిపోయారా?" అన్నాడు. నేనేమీ చెప్పకుండానే.

వార్త విన్న రెండు నెలలకి పాట చేసేవాళ్ళు వాళ్ళు. మనకి వార్త విన్న రెండు నిమిషాలకి వాట్సాప్‌లో ముప్ఫై అభిప్రాయాలు. 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం సాయంత్రం, హెచ్1బీకి లక్ష డాలర్లు కట్టాలన్న ఉత్తర్వు వచ్చిన రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది. నా గొడవ ఎప్పుడో తీరిపోయింది గానీ, నా టీములో ముగ్గురు పిల్లలు ఇండియాలో ఉన్నారు. ఆదివారం లోపల వచ్చెయ్యాలా, రానక్కర్లేదా, ఒకడికి పెళ్ళి ముహూర్తం బుధవారం. శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం ఎక్కినవాళ్ళు దిగిపోతున్న వీడియో పదిమంది పంపారు. రాత్రి పదింటికి బీపీ చూసుకుంటే పైది 158. మర్నాడు, ఇది కొత్త దరఖాస్తులకే, ఉన్నవాళ్ళకి కాదని వివరణ ఇచ్చారు. ఆ రాత్రి మాత్రం ఫోను వంటింటి డబ్బాలో పడేసి కోల్ట్రేన్, జానీ హార్ట్‌మన్ కలిసి చేసిన రికార్డు పెట్టాను. రెండు వైపులూ కలిపి అరగంటే ఉంటుంది. తరవాత 141. ఈ మాట మా డాక్టరుకి చెబితే, "అరగంట ఊరికే కూర్చున్నా తగ్గేది" అంది. నిజమే. కానీ ఊరికే ఎవరు కూర్చుంటారండీ?

ఆ డాక్టరు గుజరాతీ ఆవిడ. నిరుడు రక్తపరీక్షలో నా ఏవన్‌సీ 6.3 వచ్చింది. 5.7 దాటితే అంచు మీదున్నట్టు, 6.5 కి చేరితే షుగరే. "బరువు ఎక్కువేం లేనే" అన్నాను. "అది అమెరికన్ల లెక్క" అందావిడ. తెల్లవాళ్ళకి బీఎమ్మై 25 దాటితే షుగరు కోసం వెతకమంటారు, ఆసియావాళ్ళకి 23 నుంచే వెతకమని 2015 నుంచీ ఇక్కడి డయాబెటిస్ సంఘం చెబుతోంది. మన ఒంట్లో కొవ్వు పొట్ట దగ్గర, లోపల అవయవాల చుట్టూ చేరుతుంది, తూకానికి దొరకదు. 2023లో వచ్చిన ఐసీఎమ్ఆర్ అధ్యయనం ప్రకారం ఇండియాలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరుంది, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది నాలా అంచు మీద నిలబడి ఉన్నారు. అన్నం సగం చెయ్యమంది, భోజనం తరవాత నడవమంది, అరగంటకి మించి కూర్చోవద్దంది.

ఆ మూడోదానికి మాత్రం నా దగ్గర ముందే మందుంది. ఎల్పీ ఒక వైపు ఇరవై నిమిషాలు. అయిపోగానే లేచి వెళ్ళి తిప్పాలి, లేకపోతే సూది చివర్లో టిక్కు టిక్కుమంటూ తిరుగుతూనే ఉంటుంది. ఇంటినుంచి పనిచేసే రోజుల్లో ఆఫీసు బల్లకీ టర్న్‌టేబుల్‌కీ మధ్య కావాలనే పద్నాలుగు మెట్లు ఉంచాను. బల్ల పైన, రికార్డులు బేస్‌మెంట్లో. పాట పైకి వినబడటానికి స్పీకరు వైరు లాగాను. మా ఆవిడ దీన్ని పిచ్చి అనుకుంటుంది గానీ, ఏవన్‌సీ 6.0 కి దిగాక ఏమీ అనడం లేదు. అన్నం సగమవడం వల్ల దిగిందని ఆవిడ వాదన. ఉండొచ్చు.

మా నాన్నకి షుగరు పాతికేళ్ళ నుంచీ ఉంది. 2018లో కాలికి చిన్న దెబ్బ తగిలి, మానక, ఎడమకాలి బొటనవేలు తీసేశారు. ఆ వారం భీమవరంలో ఆయన మంచం పక్కన కూర్చుని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ గురించి చెప్పాను. అంత గొప్ప గాయనికీ షుగరే, 1993లో రెండు కాళ్ళూ మోకాళ్ళ కింద తీసేశారు, 79 ఏళ్ళ దాకా బతికింది. నాన్న అంతా విని, "ఓదార్చడానికి నీకు ఇదే దొరికిందిరా?" అన్నారు.

అప్పట్నుంచీ ఆదివారం ఫోనులో మొదటి ప్రశ్న, "నీ స్కోరెంత?" క్రికెట్ స్కోరు అడిగినట్టే అడుగుతారు. రెండో ప్రశ్న అమెరికా వార్తలు. నాలుగు తెలుగు చానళ్ళు మార్చి మార్చి చూసి, ఇక్కడి వార్తలు నాకంటే ముందు ఆయనకి తెలుస్తాయి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ ఒలేతాలో, ఆఫీసు అయ్యాక బార్‌లో కూర్చున్న తెలుగు ఇంజనీరుని, 32 ఏళ్ళవాణ్ణి, ఒకడు "నా దేశం నుంచి పో" అని కాల్చి చంపాడు. పక్కనున్న స్నేహితుడికీ, అడ్డం పడ్డ ఒక తెల్లకుర్రాడికీ గుళ్ళు తగిలాయి. కాల్చినవాడు తను చంపింది ఇరానీయుల్ని అనుకున్నాడు. ఆ రోజు నాన్న గొంతు నాకింకా వినబడుతుంది. "బయట తెలుగులో మాట్లాడకురా" అన్నారు. ముప్ఫై అయిదేళ్ళు తెలుగు మేష్టారుగా పనిచేసిన మనిషి.

మా పాత రూమ్మేటు ఒకడున్నాడు. మా బావ కాదు గానీ బావా అనే పిలుచుకుంటాం. పాతికేళ్ళు రాకుండానే షుగరొచ్చి ఇన్సులిన్ మీద ఉండేవాడు. 2011లో ఒక విమానాశ్రయంలో, కనెక్షన్ ఫ్లైటు ఆలస్యమై, తిండి వేళ తప్పి, షుగరు పడిపోయింది. షుగరు బాగా పడిపోతే మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది, ఎవరైనా చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంటారు. చూసేవాళ్ళకి తాగినవాడే. గేటు దగ్గర ఉన్నవాళ్ళు సెక్యూరిటీని పిలిచారు. వాళ్ళు వీణ్ణి గోడవైపు తిప్పి నిలబెట్టి సంచీ సోదా చేశారట. సిరంజి దొరికింది. ఇంకేం, తాగుడు కాదు, మత్తుమందు అనుకున్నారు. గోధుమరంగు మనిషి, గడ్డం, సిరంజి. పక్క గేటులో ఎదురుచూస్తున్న ఒక నల్ల ముసలావిడ, రిటైరైన నర్సట, దూరం నుంచి వాడి చెమట చూసి, పోలీసుల మధ్యలోంచి దూరి వచ్చి, తన చేతిలో ఉన్న ఆరెంజి జ్యూసు వాడి నోట్లో పోసింది. పది నిమిషాల్లో వాడు పేరూ ఊరూ చెప్పాడు. ఆవిడ పేరు అడిగే లోపల ఆవిడ విమానం వెళ్ళిపోయింది.

ఈ సంగతి వాడు నాకు చెప్పింది బేస్‌మెంట్లో, ఇద్దరం రికార్డు వింటుండగా. అప్పటికి నా దగ్గర ఎరిక్ డాల్ఫీ రికార్డులు మూడున్నాయి. అతనెలా పోయాడో కూడా చదివాను. కానీ చదవడం వేరు.

డాల్ఫీ శాక్సఫోన్, ఫ్లూట్, బేస్ క్లారినెట్ మూడూ వాయించేవాడు. బేస్ క్లారినెట్‌ని జాజ్‌లో ఒక మనిషి గొంతులా మాట్లాడించింది అతనే. మద్యం, మత్తుమందు ఏదీ ముట్టనివాడని తోటివాళ్ళంతా చెప్పేవారు. 1964 ఫిబ్రవరి 25న వాన్ గెల్డర్ స్టూడియోలో 'అవుట్ టు లంచ్' చేశాడు. డ్రమ్స్ మీద టోనీ విలియమ్స్‌కి అప్పటికి 18 ఏళ్ళు. అట్ట మీద దుకాణం తలుపుకి తగిలించే గడియారం బొమ్మ, 'తిరిగి వస్తాం' అని రాసి, ఎన్నింటికో తెలీకుండా బోలెడు ముళ్ళు. ఏప్రిల్లో చార్లెస్ మింగస్ బృందంతో యూరప్ వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. కాబోయే భార్య పారిస్‌లో ఉంది. జూన్ చివర కచేరీకని పశ్చిమ బెర్లిన్ వెళ్ళేసరికే ఒంట్లో బాగాలేదు. వేదిక మీద సరిగా వాయించలేకపోయాడు. ఆస్పత్రిలో చేర్చారు. అతని తోటి ట్రంపెట్ వాద్యకారుడు టెడ్ కర్సన్ చెప్పిన ప్రకారం, నల్లవాడు, జాజ్ వాయించేవాడు కనుక మత్తు ఎక్కువై పడిపోయాడనుకుని, దిగేదాకా పడుకోనిచ్చారు. జూన్ 29న పోయాడు. షుగరు. ఉన్నట్టు అతనికే తెలీదు. 36 ఏళ్ళు నిండి తొమ్మిది రోజులు. ఇన్సులిన్ కనిపెట్టి అప్పటికి 43 ఏళ్ళు. గడియారం బొమ్మ రికార్డు అతను పోయాక దుకాణాలకొచ్చింది.

అతని తల్లి ఆ బేస్ క్లారినెట్‌నీ ఫ్లూటునీ కోల్ట్రేన్‌కి ఇచ్చేసింది. కోల్ట్రేన్ వాటిని వాయించాడు. మూడేళ్ళకి అతనూ పోయాడు.

2020 వసంతంలో డబ్ల్యూబీజీఓలో వార్తలకీ పాటలకీ తేడా పోయింది. మార్చి 31న వాలెస్ రోనీ, ఇక్కడే పేటర్సన్‌లో, 59. ఏప్రిల్ 1న ఎలిస్ మార్సాలిస్, అదే రోజు బకీ పిజరెల్లి. 15న లీ కోనిట్జ్, 92 ఏళ్ళవాడు, 1949లో మైల్స్ డేవిస్‌తో వాయించినవాడు. అందరూ కోవిడ్‌తోనే. ఒక్కొక్కరి రికార్డూ తీసి, అరలోంచి సగం బయటికి లాగి ఉంచేవాణ్ణి. నాలుగు, అయిదు, ఆరు అట్టలు అలా ముందుకొచ్చి ఉండేవి. సెప్టెంబర్ 25న బాలు పోయినప్పుడు ఘంటసాల పక్కనున్న అరలో కూడా ఒకటి లాగాల్సొచ్చింది. నాన్నకి షుగరుంది కదా అని ఆ రెండేళ్ళూ రాత్రి ఫోను మోగితే మా ఆవిడే తీసేది. నాకు చెయ్యి వచ్చేది కాదు. నాన్న గట్టివారు, గట్టెక్కారు.

శ్రీనివాస్ మాత్రం కోవిడ్ దాకా లేడు. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో పోయాడు, కాలేయ మార్పిడి తరవాత. 45 ఏళ్ళు. ఆ రోజు నాన్న ఫోను చేసి ఏమీ మాట్లాడలేదు. కేసెట్టు పెట్టి ఫోను దాని దగ్గర ఉంచారు. టేపు సాగిపోయి శ్రుతి కాస్త కిందకి దిగింది. ఆ శ్రుతిలోనే చివరిదాకా విన్నాను.

నాకిప్పుడు 46. డాల్ఫీని పదేళ్ళ కిందట దాటాను, కోల్ట్రేన్‌ని ఆరేళ్ళ కిందట, శ్రీనివాస్‌ని నిరుడు. ఇలాంటి లెక్కలు వెయ్యకూడదని మా ఆవిడ అంటుంది. నేను వేసేది కాదు, అట్టల వెనక తారీఖులుంటాయి, కూడిక అదే అయిపోతుంది.

మొన్న ఆదివారం పొద్దున్న వీడియోలో నాన్నకి కోల్ట్రేన్ 'ఇండియా' వినిపించాను. 1961లో న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే క్లబ్బులో వాయించినది. కోల్ట్రేన్‌కి రవిశంకర్ అంటే ప్రాణం, కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. ఫోను స్పీకరు ముందు నిలబెట్టి కూర్చున్నాను. అక్కడ వాళ్ళకి రాత్రి ఏడు దాటింది, వెనకాల టీవీలో వార్తలు నడుస్తున్నాయి.

"ఇందులో ఇండియా ఎక్కడుందిరా?" అన్నారు రెండు నిమిషాలకి.

"కొంచెం ఆగండి."

తరవాత బేస్ క్లారినెట్ వచ్చింది. నాన్న చెయ్యి చాచి టీవీ ఆపారు.

"ఈ బొంగురు గొంతువాడెవడు?"

"డాల్ఫీ అని. షుగరుతో పోయాడు నాన్నా, 36 ఏళ్ళకి. ఉందని ఎవరూ చూడలేదు."

"మీటర్లు లేవా అప్పుడు?"

"ఇళ్ళల్లో లేవు."

పాట అయ్యేదాకా ఏమీ అనలేదు. సూది చివరికొచ్చి టిక్కు టిక్కుమంటోంది.

"ఇవాళ నీదెంత?"

"నూట ఎనిమిది."

"పరగడుపునేనా?"

"పరగడుపునే."

"సరే. రెండో వైపు వెయ్యి."